అలరాజు కేసులో పేరిందేవి

మిస్టరీ నవలల్లో ఒక తెగ ఉంది. అందులో నేరం ఆరా తీసేది పోలీసు కాదు, ఫీజు పుచ్చుకునే డిటెక్టివ్ కూడా కాదు. చావు జరిగిన ఇంట్లో మిగిలిపోయిన ఆడమనిషి. కాలం పాతది కాబట్టి ఆవిడ ఒంటరిగా గడప దాటితేనే నలుగురూ చెవులు కొరుక్కుంటారు. చేతిలో అధికారం ఏమీ ఉండదు. ఉన్నదల్లా దుఃఖం, తరగని ఖాళీ సమయం, పోయిన మనిషి అలవాట్లన్నీ తెలిసి ఉండటం. డియానా రేబోర్న్ 2007లో రాసిన 'సైలెంట్ ఇన్ ద గ్రేవ్' ఈ తెగలోదే. పందొమ్మిదో శతాబ్దం చివరి లండన్. లేడీ జూలియా గ్రే ఇంట్లో విందు జరుగుతుండగా ఆవిడ భర్త కుప్పకూలి చనిపోతాడు. వాళ్ళ వంశంలో గుండెజబ్బు ఉంది కాబట్టి ఎవరూ ఏమీ అనుకోరు. ఆయనకి బెదిరింపులు వస్తుండేవని, ఇది హత్య కావచ్చని ఒకాయన చెబితే జూలియాకి కోపం వస్తుంది, నమ్మదు. ఏడాది గడిచి, నల్లబట్టలు విడిచే రోజులు దగ్గరపడ్డాక, భర్త బల్ల సర్దుతుంటే ఒక బెదిరింపు కాగితం దొరుకుతుంది. అసలు కథ అప్పుడు మొదలవుతుంది.

ఆ పుస్తకంలో నన్ను పట్టుకున్నది హంతకుడు కాదు, ఆ ఏడాది. ఏడవటానికి, కోప్పడటానికి, నమ్మకపోవటానికి, చివరికి 'అసలేం జరిగింది?' అని అడగటానికి జూలియాకి ఒక ఏడాది దొరికింది. తెలుగులో ఎవరైనా ఇలాంటి నవల రాస్తే ఏ చావుతో మొదలుపెట్టాలి అని ఆలోచిస్తే, పెద్దగా వెతుక్కోకుండానే ఒకటి తగిలింది. అదీ మా జిల్లాలోనే. ఎనిమిది వందల ఏళ్ళు దాటిన కేసు. విషప్రయోగం. చనిపోయినవాడు రాయబారి. అనుమానితులు రాజు కొలువులోని వాళ్ళు. మిగిలిపోయిన భార్య స్వయానా ఆ రాజు కూతురు.

'మా జిల్లా' అనటానికి కాస్త మొహమాటంగా ఉంటుంది నాకు. పెదకూరపాడు పల్నాడు జిల్లాలోకి వచ్చింది 2022 ఏప్రిల్ 4న, జిల్లాల విభజనలో. అంతకు ముందు మేం ఉత్త గుంటూరు జిల్లా వాళ్ళం. గురజాల, మాచర్ల, కారెంపూడి వైపు వాళ్ళు మమ్మల్ని ఇప్పటికీ పల్నాడు లెక్కలో వేయరు, వేయక్కర్లేదు కూడా. మా స్టేషన్లో మాచర్ల బండి ఎక్కి కూర్చుంటే సత్తెనపల్లి, పిడుగురాళ్ళ దాటి, నడికుడి దగ్గర లైను చీలిన తర్వాత గానీ కథలోని పల్నాడు మొదలవదు. ఒకందుకు ఇది మంచిదే. ఆ కథ మా ఇంటి దేవుడి కథ కాదు కాబట్టి కాస్త దూరంగా నిలబడి వినగలం.

పల్నాటి యుద్ధం గురించి తెలుగువాళ్ళందరికీ ముక్కలు ముక్కలుగా తెలుసు. అనుగురాజు కొడుకులు, సవతి బిడ్డలు, రాజ్యం రెండు ముక్కలవటం, గురజాలలో నలగామరాజు, మాచర్లలో మలిదేవుడు. ఒకరి పక్కన నాయకురాలు నాగమ్మ, ఇంకొకరి పక్కన బ్రహ్మనాయుడు. కోడిపోరు, ఓటమి, ఏడేళ్ళ వలస. చాపకూడు, కన్నమదాసు, మాంచాల, బాలచంద్రుడు, కారెంపూడి రణరంగం. స్కూల్లో చదివినవాళ్ళకీ సినిమా చూసినవాళ్ళకీ ఇంతవరకు గుర్తుంటుంది. అలరాజు మాత్రం సాధారణంగా జారిపోతాడు.

జారిపోకూడని మనిషి. ఏడేళ్ళ గడువు తీరింది, మా రాజ్యం మాకివ్వండి అని మలిదేవుడి వైపు నుంచి గురజాలకి రాయబారం వెళ్ళింది ఇతనే. కొమ్మరాజు కొడుకు. నలగామరాజుకి అల్లుడు. అంటే తన మామగారి కొలువుకే ఎదుటి పక్షం తరఫున వెళ్ళాడు. మాట కుదరలేదు. తిరుగు దారిలో చార్లగుడిపాడు దగ్గర విషప్రయోగంతో చనిపోయాడు. చేసింది నలగాముడి తమ్ముడు నరసింగరాజు అని, ఆలోచన నాగమ్మదని కథ చెబుతుంది. భార్య పేరిందేవి సహగమనం చేసింది. అక్కణ్ణుంచి ఇక యుద్ధం ఆగలేదు. కారెంపూడిలో ఇప్పటికీ కార్తీక అమావాస్యకి మొదలుపెట్టి ఐదు రోజులు వీరుల ఉత్సవాలు చేస్తారు: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. అందులో రెండో రోజు, రాయబారం, అలరాజుది.

ఒక్క చావు మీద ఇంత పెద్ద యుద్ధం నిలబడి ఉంది. అయినా ఆ చావుని ఎవరూ విచారించలేదు. విచారణ అక్కర్లేదు, ఎవరు చేశారో మనకి ముందే తెలుసు. నాగమ్మ చేసింది. ఎందుకు చేసింది? నాగమ్మ కాబట్టి చేసింది.

ఇక్కడ మిస్టరీ నవలలు చదివిన అలవాటు కొంచెం పనికొస్తుంది. ఆ అలవాటు నేర్పే మొదటి పాఠం, అందరూ వేలెత్తి చూపించే మనిషిని ఒక్క క్షణం పక్కన పెట్టమని. పెట్టి చూద్దాం. నాగమ్మ అధికారమంతా నలగామరాజు నమ్మకం మీద ఆధారపడింది. ఆమెకి వంశం బలం లేదు, భర్త లేడు, కొడుకులు లేరు. అలాంటి మంత్రి తన రాజు కూతురినే విధవని చేస్తుందా? అదీ సొంత రాజ్యపు పొలిమేరల్లో, రాయబారం ముగిసిన మర్నాడో మూడో నాడో, పసిపిల్లవాడు కూడా తనవైపే చూసేటట్టు? దూతని చంపకూడదన్నది రామాయణంలో విభీషణుడు కూడా గుర్తు చేసిన నీతి. దాన్ని తప్పితే చెడ్డపేరు, యుద్ధం రెండూ ఖాయం. లెక్కలు తెలిసిన మనిషి అని కథే ఆమెను పొగుడుతుంది. ఇలా చావుని ఇంటి గుమ్మంలో పెట్టుకోవటం లెక్క తెలిసిన పనిలా లేదు.

నరసింగరాజు సంగతి వేరు. ఎదుటివాళ్ళు తిరిగి వస్తే వాటా తగ్గే మనుషుల్లో అతను ఒకడు. మరి ఎదుటి పక్షం? ఏడేళ్ళు అడవుల్లో, పరాయి చోట్ల గడిపి, కత్తి నూరుకుంటూ కూర్చున్న కుర్రవాళ్ళు అక్కడ చాలామంది ఉన్నారు. సంధి కుదిరితే వాళ్ళ వీరత్వానికి పనిలేదు. చేతిలో ఆయుధం లేని రాయబారి, అందులోనూ అందరికీ ఇష్టుడు, శత్రువు గడ్డ మీద చనిపోతే అంతకంటే న్యాయమైన యుద్ధకారణం దొరకదు. అటువైపు వాళ్ళు చేశారని నేను అనటం లేదు. ఆరా తీసే మనిషి అటు కూడా ఒక చూపు చూడాలి అంటున్నాను. పల్నాటి కథ ఆ చూపు చూడదు. వీరగాథ చూడదు కూడా, దాని పని అది కాదు. వీరగాథకి యుద్ధం కావాలి. యుద్ధానికి కారణం కావాలి. ఆ కారణం మొదటి గంటలోనే స్థిరపడిపోవాలి.

ఆ కాలంలో విషం తాగించి చంపితే తేల్చే దారే లేదు కదా అనొచ్చు. యూరప్‌లో సంగతి తీసుకుంటే, ఆర్సెనిక్‌ని నమ్మకంగా పట్టిచ్చే పరీక్షని జేమ్స్ మార్ష్ ప్రకటించింది 1836లో. అంతవరకు విషం హంతకులకి అచ్చొచ్చిన ఆయుధం. కానీ మన దగ్గర, అలరాజుకి దాదాపు వెయ్యేళ్ళ ముందే, కౌటిల్యుడు అర్థశాస్త్రం నాలుగో అధికరణంలో ఒక అధ్యాయం మొత్తం ఇందుకే కేటాయించాడు. పేరు 'ఆశుమృతక పరీక్ష'. అంటే హఠాత్తుగా చచ్చినవాళ్ళ శవాన్ని చూసే పద్ధతి. ఇవాళ్టి భాషలో పోస్ట్‌మార్టం, శవ పంచనామా రెండూ కలిపి. శవానికి నూనె పూసి పరీక్షించాలి అని మొదలుపెడతాడు. ఉరి వేస్తే ఏ గుర్తులు, నీళ్ళలో ముంచితే ఏ గుర్తులు, కొట్టి చంపితే ఏ గుర్తులు అని చెప్పుకుంటూ వచ్చి విషం దగ్గర ఆగుతాడు. చేతులు, కాళ్ళు, పళ్ళు, గోళ్ళు నల్లబడటం, చర్మం, వెంట్రుకలు వదులవటం, నోటి నుంచి నురగ. తిన్న తిండిలో మిగిలినదాన్ని పక్షుల మీద పరీక్షించాలి. గుండె దగ్గర నుంచి తీసినదాన్ని నిప్పులో వేస్తే చిటచిటమని రంగురంగుల మంట వచ్చిందా చూడాలి.

ఆ తర్వాత ఒక మాట ఉంది. చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. శవాన్ని దహనం చేశాక గుండె కాలకుండా మిగిలిపోతే, అది కూడా విషానికి గుర్తేనట. అలా కనిపిస్తే ఎవరిని పట్టుకోవాలో కూడా చెప్పాడు. చచ్చినవాడి దగ్గర తిట్లూ దెబ్బలూ తిన్న పనివాళ్ళని. దుఃఖంతో ఉన్న, లేదా మరొకరి మీద మనసున్న ఆడవాళ్ళని. ఆస్తి మీద కన్నేసిన చుట్టాలని.

వైద్యంగా ఇందులో ఎంత నిలబడుతుందన్నది నాకు ముఖ్యం కాదు. చితి ఆరాక బూడిద వెతికే అలవాటు ఒకటి ఈ నేల మీద, కనీసం పుస్తకంలో, ఉంది. కాలిన తర్వాత కూడా సాక్ష్యం మిగలొచ్చని ఎవరో అనుకున్నారు. పేరిందేవి ఆ చితి పక్కన నిలబడి ఉంటే చల్లారాక బూడిదలో చేయిపెట్టి చూసేది. ఆవిడ పక్కన లేదు. అందులోనే ఉంది. పరీక్షించాల్సిన శరీరమూ, పరీక్షించమని అడిగే హక్కున్న మనిషీ ఒకే మంటలో పోయాయి. కౌటిల్యుడికి కూడా ఇంటి ఆడమనిషి అనుమానితుల జాబితాలో కనిపించింది, ఆరా తీసే మనిషిగా తట్టలేదు. ఆ పుస్తకమే తాటాకుల్లో పడి ఉండి, 1905లో శామశాస్త్రి మైసూరులో కనిపెట్టి 1909లో అచ్చు వేసేదాకా లోకానికి లేనట్టే ఉండిపోయింది.

పేరిందేవి ఉన్న చోటు ఎంత విచిత్రమైనదో ఆలోచించండి. చనిపోయింది భర్త. అనుమానం పుట్టింటి మీద. ఈ రెండు శిబిరాల మధ్య అడ్డు లేకుండా తిరగగలిగిన మనిషి మొత్తం పల్నాడులో ఆవిడ ఒక్కతే. గురజాల అంతఃపురంలో దాదులు, వంటలక్కలు, నీళ్ళు మోసేవాళ్ళు ఆవిడని చిన్నప్పుడు ఎత్తుకుని పెంచినవాళ్ళు. వాళ్ళ దగ్గర బ్రహ్మనాయుడికి దొరకని మాట ఆవిడకి దొరుకుతుంది. సుజాతా మాసీ నవలల్లో పర్వీన్ మిస్త్రీకి ఉన్న బలం ఇదే. 1921 బొంబాయి. ఘోషాలో ఉన్న ముగ్గురు వితంతువుల వాటా విషయం. మగ ప్లీడర్లు తెర ఇవతల ఆగిపోతారు, ఆడ ప్లీడరు కాబట్టి పర్వీన్ లోపలికి వెళ్ళగలదు. ఆ పాత్ర వెనక నిజంగా బతికిన కార్నీలియా సొరాబ్జీ ఉంది, ఘోషా ఆడవాళ్ళ ఆస్తుల తరఫున ఏళ్ళ తరబడి పనిచేసిన మనిషి. గడప లోపల జరిగిన నేరాన్ని తేల్చాలంటే గడప లోపలి మనిషి కావాలి. పేరిందేవికి రెండు గడపలున్నాయి.

పల్నాడు వైపు ఎవరింట్లోనైనా చావు జరిగితే చూడండి. మగవాళ్ళు బయట అరుగు మీద, టెంటు కింద కూర్చుని ఎవరు ఎప్పుడు వస్తున్నారో, కట్టెలు ఎక్కడివో మాట్లాడుకుంటారు. ఆ మనిషి ఎలా పోయాడన్న అసలు విచారణ లోపల, ఆమెను కూర్చోబెట్టిన మూల చుట్టూ జరుగుతుంది. వచ్చిన ప్రతి ఆడమనిషీ కౌగలించుకుని ఏడుస్తూనే అడుగుతుంది. పొద్దున ఏం తిన్నాడు, ఎవరితో వెళ్ళాడు, ఫోన్ ఎవరు చేశారు, డబ్బు సంగతేమైనా ఉందా. పదకొండో రోజు వచ్చేసరికి ఆ గదిలో ఒక కేస్ ఫైల్ తయారై ఉంటుంది. ఎవరూ రాసుకోరు, అంతే. ఏడుపులో నడిచే ఈ ఎంక్వైరీని మన సాహిత్యం శోకం అని ఒక్క మాటతో చుట్టేసింది.

ఇంకో తమాషా ఏమిటంటే, ఈ కేసులో ముద్దాయి కూడా వితంతువే. నాగమ్మ గురించి చెప్పే కథల్లో ఆమె పుట్టింది కరీంనగర్ వైపు ఆర్వెల్లిలో. తండ్రి రామిరెడ్డితో పల్నాడు వచ్చింది. మేనమామ కొడుకుతో పెళ్ళయింది, కొద్ది రోజులకే అతను పోయాడు. మూల కూర్చోవాల్సిన మనిషి లేచి పొలాలు చూసుకుంది, ఊరి తగవులు తీర్చింది, చివరికి మంత్రి అయింది. అంటే దుఃఖంలో ఉన్న ఆడమనిషి బయటికొచ్చి తెలివి చూపిస్తే ఏమవుతుందో ఈ కథకి బాగా తెలుసు. ఒకామె బయటికొచ్చింది, ఆమెను హంతకి అన్నారు. ఒకామె బయటికి రాలేదు, ఆమెను దేవత అన్నారు. యుద్ధం అయిపోయాక బ్రహ్మనాయుడు నాగమ్మను చంపకుండా వదిలేశాడని, తాను గుత్తికొండ బిలంలోకి వెళ్ళిపోయాడని చెబుతారు. అందరూ దాన్ని ఆయన గొప్పతనంగానే చూస్తారు. నాకు మాత్రం అక్కడ ఒక చిక్కు కనిపిస్తుంది. విచారణ లేకుండా శిక్ష వేయటం ఎంత తప్పో, విచారణ లేకుండా క్షమించటం కూడా అంతే. క్షమించేశాక ఇక నేరం చేయలేదని చెప్పుకునే వీలు కూడా ఉండదు.

తెలుగులో నాగమ్మ వైపు చూసినవాళ్ళు లేకపోలేదు. 'మాలపల్లి' రాసిన ఉన్నవ లక్ష్మీనారాయణ పుట్టింది అప్పటి సత్తెనపల్లి తాలూకా వేములూరుపాడులో, అంటే దాదాపు మా వాడే. గుంటూరులో వితంతు వివాహాలు చేయించిన మనిషి. 1922లో భార్య లక్ష్మీబాయమ్మతో కలిసి ఆడపిల్లల కోసం శారదా నికేతనం పెట్టాడు. ఆయన పల్నాటి కథ మీద నాటకం రాస్తే దానికి యుద్ధం పేరు పెట్టలేదు, వీరుడి పేరూ పెట్టలేదు. 'నాయకురాలు' అని పెట్టాడు. సినిమాల సంగతి వేరు. 1947 'పల్నాటి యుద్ధం'లో నాగమ్మగా కన్నాంబ, 1966లో భానుమతి. ఇద్దరూ తెరని గుప్పిట్లో పెట్టుకోగల మనుషులు కాబట్టి, కథ ఆమెను దుర్మార్గురాలు అంటున్నా ప్రేక్షకుడి కళ్ళు ఆమె మీదే ఉంటాయి.

కన్నాంబ అన్నాను కాబట్టి ఒక సంగతి. నాగమ్మ వేషానికి ఐదేళ్ళ ముందు, 1942లో, ఆవిడ తమిళంలో 'కణ్ణగి' చేసింది. శిలప్పదికారం కణ్ణగి. భర్త చావుని ఒక భార్య విచారించిన కథ మన దక్షిణాదిలో ఏదైనా ఉందంటే అదే. రాణి గారి అందె దొంగిలించాడని కోవలన్‌ని మదురైలో చంపేస్తారు. నిజమైన దొంగ కంసాలి. కణ్ణగి ఏడుస్తూ కూర్చోదు, తన దగ్గర మిగిలిన రెండో అందె తీసుకుని రాజు కొలువుకి వెళుతుంది. మీ రాణి అందెలో ఏముంటాయి అని ముందు రాజు నోటితో చెప్పిస్తుంది. ముత్యాలు అంటాడు. అప్పుడు తన అందె పగలగొడుతుంది, లోపలి నుంచి మాణిక్యాలు రాలతాయి. ఎంత బిగువైన క్రాస్ ఎగ్జామినేషనో చూడండి. ముందు సాక్షి చేత ఒప్పించి, తర్వాత వస్తువు బయటపెట్టటం. ఆ తర్వాత ఆవిడ మదురై నగరాన్ని తగలబెట్టిందని అందరూ గుర్తుపెట్టుకున్నారు. నిప్పు కంటే ముందు రుజువు ఉంది. నిప్పు ఆవిడ మీదికి రాలేదు, తీర్పు తప్పిన ఊరి మీదికి వెళ్ళింది. ఆమెకి గుళ్ళు కట్టింది కూడా అందుకే.

మన దగ్గర గుళ్ళు మరో రకం. భర్తతో కాలిపోయిన ఆడమనిషిని తెలుగు పల్లెలు పేరంటాలు అంటాయి. పేరంటాలమ్మ గుడి లేని తాలూకా ఉండదేమో. పసుపు కుంకుమలతో పేరంటానికి పిలవదగిన మనిషి అని ఆ మాటకి అర్థం. చితిలో కాలిన మనిషికి అంతకంటే మెత్తని పేరు ఇంకేదీ దొరకదు. ఒక్కో గుడి వెనక ఒక మగవాడి అర్ధాంతరపు చావు ఉంటుంది: పులి, పాము, జబ్బు, తగాదా, ఎవరో ఏదో చేయటం. దాన్ని గురించి అడగాల్సిన మొదటి మనిషి దేవత అయిపోయింది. దేవతని మొక్కులడుగుతాం గానీ ఆ రోజు ఏం జరిగిందమ్మా అని అడగం. మద్రాసు ప్రెసిడెన్సీలో సహగమనాన్ని చట్టం ఆపింది 1830 ఫిబ్రవరి 2న, బెంగాల్ నిషేధానికి రెండు నెలల తర్వాత. అప్పటినుంచి వితంతువు బతికి ఉంది. మాట్లాడిందా అన్నది వేరే విషయం. రాజమండ్రిలో వీరేశలింగం మొదటి వితంతు వివాహం చేయించటానికి అక్కణ్ణుంచి ఇంకో యాభై ఏళ్ళు పట్టింది, 1881 డిసెంబరు 11.

మన డిటెక్టివ్ నవలలు కూడా ఆ మాట అడగలేదు. కొమ్మూరి సాంబశివరావు యుగంధర్, అసిస్టెంట్ రాజు, టెంపోరావు, సరదాగా ఆరుద్ర కూడా కొన్ని. అద్దె లైబ్రరీల్లో తరం తరమంతా చదివింది. వాటి మీద నాకు చిన్నచూపు లేదు, ఆ వేగం ఇప్పటి చాలామందికి రాదు. కానీ అందులో భర్తపోయిన స్త్రీ వచ్చేది మొదటి చాప్టర్లో. తెల్లచీర, డిటెక్టివ్ ఆఫీసు, కన్నీళ్ళు, ఒక కవరు. తర్వాత కేసు యుగంధర్‌ది. దుఃఖమే మనిషిని డిటెక్టివ్‌గా మార్చటం మనకి ఈమధ్య 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ'లో కనిపించింది, 2019లో. నెల్లూరు కుర్రాడు, తల్లి చావు. నవ్విస్తూనే ఒక్కసారి గొంతు పట్టుకుంటుంది. దుఃఖించే హక్కు అక్కడ కూడా కొడుకుదే.

నవలలో లేకపోయినా జీవితంలో ఉంది. మాకు కృష్ణ అవతల, నందిగామ దాటి వెళితే మునేరు ఒడ్డున పెనుగంచిప్రోలు. తిరుపతమ్మ తల్లి ఊరు. ఆమె కథ తెలిసిందే: లేనిపోని నిందలు, భర్త గోపయ్యని పులి చంపటం, తిరుపతమ్మ యోగాగ్నిలో కలిసిపోవటం. లక్షల మంది తిరునాళ్ళకి వస్తారు. అదే ఊళ్ళో 1874లో కొమర్రాజు వారింట భండారు అచ్చమాంబ పుట్టింది. చిన్నప్పుడే పెళ్ళి. చదువు తమ్ముడు లక్ష్మణరావు పక్కన కూర్చుని నేర్చుకున్నదే. ఒక కొడుకు, ఒక కూతురు పుట్టి ఇద్దరూ చిన్నతనంలోనే పోయారు. ఆ మనిషి మూల కూర్చోలేదు. ఆడవాళ్ళు బుద్ధిహీనులనీ, చదువుకుంటే చెడిపోతారనీ అనే మాట నిజమా అని విచారణ మొదలుపెట్టింది. ఒక్కో భాషా నేర్చుకుంటూ పుస్తకాలు తిరగేసి, చరిత్ర మాయం చేసిన ఆడవాళ్ళని ఒక్కొక్కరినే బయటికి లాగింది. 1901లో వచ్చిన 'అబలా సచ్చరిత్ర రత్నమాల' ఆ కేస్ ఫైల్. డిగ్రీ లేదు, ఉద్యోగం లేదు, ఎవరూ అప్పజెప్పలేదు. అమెచ్యూర్ అన్న మాటకి ఇంతకంటే మంచి మనిషి నాకు తెలీదు. ఇంకా రాయాల్సిన భాగాలు మిగిలి ఉండగానే 1905లో పోయింది, ముప్ఫై ఏళ్ళకి.

మళ్ళీ అలరాజు కేసుకి వద్దాం. ఆ కథని గాయకుల నోట విని, తాటాకుల్లో చదివి, అచ్చులో పెట్టినవాళ్ళందరికీ మనం రుణపడి ఉన్నాం. 1911లో అక్కిరాజు ఉమాకాంతం పల్నాటి వీరచరిత్ర ప్రచురించకపోతే, డెబ్భైలలో జీన్ రోఘైర్ టేప్ రికార్డరు పట్టుకొచ్చి అలిసెట్టి గాలెయ్య పాడిన కథంతా రికార్డు చేసి 1982లో ఇంగ్లీషులో తేకపోతే, ఇవాళ ఈ నాలుగు ముక్కలు రాయటానికి కూడా ఉండేది కాదు. ఇన్ని రకాలుగా చెప్పారు కాబట్టి ఇంకో రకంగా చెప్పటానికి కథ అడ్డు చెప్పదు. వీరగాథలు అంత పట్టుదల గలవి కావు.

నవలకి అసలు చిక్కు ఒక్కటే. పేరిందేవి చితి ఎక్కకూడదు. ఎక్కకపోవటానికి ఆ కాలంలోనే చెల్లే కారణం కావాలి, ఇవాళ్టి మన కోరిక చాలదు. అది కూడా దగ్గర్లోనే దొరుకుతుంది. పల్నాటి యుద్ధానికి ముందు తరాల్లోనే, కల్యాణి చాళుక్యుల కొలువులో విజ్ఞానేశ్వరుడు మితాక్షర రాశాడు. సహగమనం గురించి మాట్లాడుతూ గర్భవతులనీ, పసిబిడ్డలున్న వాళ్ళనీ అందులోంచి మినహాయించాడు. ఊళ్ళో శాస్త్రం తెలిసిన ఏ బ్రాహ్మణుణ్ణి పిలిచి అడిగినా కాదనలేడు. కాబట్టి మొదటి అధ్యాయంలో, అలరాజు శవం ఇంకా దింపకముందే, మంత్రసానిని పిలిపించుకుని పేరిందేవి తనకి నెల తప్పిందని చెప్పాలి. నిజమే కావచ్చు, అబద్ధమైనా సరే. మూడు నాలుగు నెలలు దాటితే గానీ ఎవరూ తేల్చలేరు. ఆలోగా చార్లగుడిపాడు వెళ్ళి, ఆ రోజు పొయ్యి దగ్గర ఎవరున్నారో అడిగి రావచ్చు.